పట్టుపంచెయు సబ్బుపొడియు



నందిగామకు చేరువనున్న యొక గ్రామమున నాకొక మిత్రులు కలరు. వయసున నాకంటె పెద్దలు. ఇటీవల వారు తమ పట్టుపంచెను తెచ్చి నా యెదుట పఱచిరి. నిత్యపూజకు కట్టుకొను మడిపంచె అది. మెఱుగంతయు పోయినది, మడతల యొద్ద నేత పలుచబడినది. "పంతులుగారూ, ఏడాదినుండి దీనిని సబ్బుపొడిలో నానవేసి ఉతుకుచున్నాము. ఆ పొడిని సూక్ష్మజీవులతో చేయుదురని మా మనుమడు చెప్పుచున్నాడు. ఆ పురుగులే నా పంచెను తినివేసినవా? దీనిని కట్టుకొని పూజకు కూర్చుండవచ్చునా?" అని యడిగిరి. నేను జగ్గయ్యపేటలో ఛందోవ్యాకరణములు బోధించినవాడనే కాని రసాయన శాస్త్రజ్ఞుడను కాను. అయినను, చదివి తెలిసికొని వారికి చెప్పిన సమాధానమునే నేడు మీకును మనవి చేయుచున్నాను.

పొడిలో నున్నవి సూక్ష్మజీవులు కావు; అవి తయారుచేసిన ఎంజైములు. అన్నపు ముద్దను కొంతసేపు నమిలినచో తియ్యనగుట మీరెఱుగుదురు. లాలాజలమందలి యొక ఎంజైము అన్నములోని పిండిని చక్కెరగా విడగొట్టుటయే దీనికి కారణము. ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క పనికే నియమితమైనది. సబ్బుపొడులలో తఱచుగా వాడునది మాంసకృత్తులను ఖండించునట్టిది. పాలు, నెత్తురు మున్నగువాని మరకలు మాంసకృత్తులతో కూడినవి గనుక, దానిచే అవి తునుకలై నీటిలో కరగిపోవును. పట్టు సైతము మాంసకృత్తే. మరకయేదో మడిబట్టయేదో ఎంజైమునకు తెలియదు. మిత్రుల పంచె చెడుటకు హేతువిదియే. మన పొలములందు పండు పత్తి సెల్యులోజను వేఱొక పదార్థము. కావున ఈ ఎంజైము నూలుపంచెను ముట్టదు.

దీనిని చేయునవి బాసిల్లసు జాతి సూక్ష్మజీవులు. ఇవి నేలయందును, ఎండుగడ్డియందును సహజముగా నుండును. కర్మాగారములలో పెద్ద ఉక్కుతొట్లయందు పిండి, సోయాచెక్క మున్నగు ఆహారము నిచ్చి వానిని పెంచుదురు. అవి వెలుపలికి విడిచిన ఎంజైము ద్రవములో చేరును. పిదప జీవులను వేఱుచేసి, ఎంజైమును గ్రహించి గుళికలుగా చేయుదురు. 1960ల చివర దీని ధూళి పీల్చిన పనివారికి ఉబ్బసము వచ్చుట కనిపెట్టబడినది. నాటినుండి గుళికలకు పైపూత వేయుట అలవాటైనది.

అయితే ఏ జీవి ఏ ఎంజైమును చేయవలెనని నిర్ణయించున దేది? జన్యువు. 1941లో అమెరికాలో బీడిల్, టాటమ్ అనువారు రొట్టె బూజుపై ఎక్స్ కిరణములు ప్రసరింపజేసి, ఒక జన్యువు చెడినచో దానికి సంబంధించిన ఒక రసాయనక్రియ నిలిచిపోవునని చూపిరి. జన్యువు ఎంజైమును శాసించునని అందువలన తేటపడినది.

ఆ శాసనము వ్రాయబడిన తీరు ఛందస్సు నెఱిగినవారికి సులభముగ బోధపడును. మనకు గురువు, లఘువు అని రెండే గనుక మూడక్షరముల గణములు ఎనిమిది. జన్యులిపిలో అక్షరములు నాలుగు, గణము మూడక్షరములదే, కావున గణములు 64. వీనిలో 61 గణములు ఎంజైమను దండలో ఏ పూసను గ్రుచ్చవలెనో తెలుపును. మూడు గణములు "ఇచట ఆపుము" అనును. ఈ లిపిని విప్పిన కృషికి 1968లో నోబెలు బహుమానమును పొందిన మువ్వురిలో హరగోవింద ఖొరానా నాటి అవిభక్త భారతదేశమున జన్మించినవాడు.

పూర్వము ఎక్కువ ఎంజైము నిచ్చు జీవులను, మనము మంచి పెరుగుతోడును ఏరి దాచుకొనినట్లు, ఏరి పెంచెడివారు. పిమ్మట కిరణములచే జన్యువులను చెదరగొట్టి, వేలకొలది జీవులలో మేలైన దానిని వెదకిరి. ఇది చీకటిలో రాయి విసరుట వంటిది. తుదకు కోరిన గణమునే దిద్దుట తెలిసినది. సబ్బుపొడిలోని ఎంజైములలో సబ్టిలిసిన్ అనునది యొకటి. దానియందలి 275 పూసలలో 222వది తెలుపుచేయు మందుచే చెడిపోవుచుండెను. 1985లో శాస్త్రజ్ఞులు ఆ పూసకు తగిన గణమును మార్చి, మందునకు ఓర్చు ఎంజైమును సాధించిరి. పద్యమంతయు నట్లే యుండ, ఒక్క గణము సవరింపబడినది! 1988లో ఒక బూజునందలి కొవ్వును విడగొట్టు ఎంజైము జన్యువును, ఎక్కువ ఫలమిచ్చు వేఱొక బూజులో నిలిపి, సబ్బుపొడులకై అమ్మజొచ్చిరి.

ఇక మిత్రుల రెండవ ప్రశ్న. మడి విషయమున తీర్పు చెప్పుటకు నేనధికారిని కాను. పంచెను తినుటకు పొడిలో పురుగులు లేవనియు, ఉతికిన బట్టను మంచినీట పలుమార్లు జాడింపవలెననియు మాత్రము చెప్పితిని. పట్టు, ఉన్ని బట్టలకు ఎంజైము గల పొడిని వాడరాదు. సంచిపై వ్రాసినది మనుమలచేతనైన చదివించుకొనవలెను. పట్టునకు మన కుంకుడుకాయ పులుసు చాలును.

మిత్రులు పంచెను మడిచి చంకనిడుకొని, "గణమును దిద్దిన మహానుభావులు పట్టును విడిచిపెట్టుమని కూడ దానికి నేర్పకపోయిరే!" అని నవ్విరి. ఎంజైమునకు వివేకము నేర్పుట వారికి సాధ్యము కాలేదు. అది వాడుకొను మనయందే యుండవలెను.