టైర్లకీ ఓ మూల కావాలి!

టెక్కలిలో కారు కొంటే నాలుగు టైర్లూ ఓ స్టెపినీ, అంతే. ఇక్కడి అబ్బాయే కెనడా వెళ్లి కారు కొంటే..? ఇంకో నాలుగు కొనాల్సిందే! 7 డిగ్రీల సెల్సియస్ కన్నా చలి ముదిరితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది. అందుకే క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి.

మరి, విప్పిన నాలుగూ చిన్న ఫ్లాట్‌లో ఎక్కడ దాచాలి? అద్దె తీసుకుని దాచిపెట్టే టైర్ల దుకాణాలున్నాయి. ఇంట్లోనే అయితే కడిగి, బాగా ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో గాలి లేకుండా కట్టి, ఎండ తగలని చోట ఉంచాలి. రిమ్ము ఉన్నవి ఒకదానిపై ఒకటి పేర్చొచ్చు. లేనివి నిలబెట్టి, నెలకోసారి కాస్త తిప్పాలి. ఏది ఏ చక్రానిదో సుద్దముక్కతో రాసుకుంటే మేలు.

మనకా బాధ లేదనుకోకండి. మన పాత టైర్లు పెరట్లోనో, డాబా మీదో, గాలివానకు రేకులు ఎగరకుండా కప్పు మీద బరువుగానో ఉంటాయి. వాటిలో నిలిచిన గుక్కెడు వాననీరు చాలు... డెంగీ దోమకు అదే పురిటిగది! నీరు ఇంకినా గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. 1985లో టెక్సాస్‌లో బయటపడ్డ ఆసియా టైగర్ దోమ పాత టైర్ల దిగుమతితోనే అమెరికా చేరిందంటారు శాస్త్రవేత్తలు.

అందుకే, పనికొచ్చే టైరును ఆరబెట్టి నీడకు చేర్చండి. పనికిరానిది వానలకు ముందే వదిలించుకోండి!