కనికరం, కారుణ్యం, హక్కు: సింగరేణి ప్రాంతంలో ఒక క్రైస్తవ భావన అర్థపరిణామం

‘కారుణ్యం’ అనే మాట వినగానే గోదావరిఖనిలోని గని కుటుంబాలకు ముందుగా స్ఫురించేది ఉద్యోగం. అనారోగ్యం వల్ల పనికి అనర్హుడని మెడికల్ బోర్డు తేల్చిన కార్మికుని వారసునికి ఇచ్చే కొలువును సింగరేణి సంస్థ ‘కారుణ్య నియామకం’ అంటుంది. వారసత్వ ఉద్యోగాల పథకం సమానావకాశాలకు విరుద్ధమని 2017లో హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానం కొట్టివేసిన తరువాత ఈ పేరు మరింత వ్యాప్తిలోకి వచ్చింది. వారసత్వం అన్నప్పుడు అందులో హక్కు ధ్వనిస్తుంది. కారుణ్యం అన్నప్పుడు ఇచ్చేవారి మంచితనం ముందుకు వస్తుంది. పేరుతోపాటు అడిగేవాడు నిలబడే తీరు కూడా మారుతుంది.

అదే పట్టణంలో ఆదివారం ప్రార్థనామందిరాల్లో వినిపించే మాట ‘కనికరం’. సువార్తలు చెప్పే కనికరం కూడా పైనుంచి కిందికి దిగే దయేనా, లేక దానికి వేరొక స్వభావం ఉందా అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

పదాల్లోని దేహం

హీబ్రూలో జాలిని తెలిపే ‘రహమీం’ అనే పదానికి గర్భాశయమనే అర్థం గల ‘రెహెం’తో సంబంధం ఉంది. కొత్త నిబంధన గ్రీకులో యేసు జనసమూహాలను చూసి చలించిపోయినప్పుడు వాడిన క్రియ ‘స్ప్లాంఖ్న’ అనే నామపదం నుంచి వచ్చింది. ఆ పదానికి పేగులు, లోపలి అవయవాలు అని అర్థం. రెండు భాషల్లోనూ కనికరం మనసులో మెదిలే ఆలోచన కంటే ముందు దేహంలో పుట్టే కదలిక.

తెలుగు నుడికారం దీనికి ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంది. కడుపు తరుక్కుపోవడం, పేగు కదలడం, కడుపుతీపి అనే ప్రయోగాలు నేటికీ ఇంటింటా వినిపిస్తాయి. తెలుగులో కొత్త నిబంధన 1818లోనే అచ్చయినా, గ్రాంథిక మర్యాదకు కట్టుబడిన అనువాద సంప్రదాయం ఈ పలుకుబళ్ల జోలికి పోలేదు. మత్తయి తొమ్మిదో అధ్యాయంలో ‘కనికరపడు’, లూకా పదో అధ్యాయంలో ‘జాలిపడు’, యాభై ఒకటో కీర్తనలో ‘వాత్సల్యం’ నిలిచాయి. వీటిలో వాత్సల్యం ఒక్కటే, వత్సం అంటే దూడ కనుక, తల్లి దేహపు జాడను నిలుపుకున్నది. ‘కృప’ను గ్రీకు ‘ఖారిస్’కూ హీబ్రూ ‘హెసెద్’కూ వాడటంతో దైవానుగ్రహం, నిబంధనకు కట్టుబడిన ప్రేమ అనే రెండు భావాలు ఒకే పదంలో కలిసిపోయాయి. తెలుగు పాఠకుడు ఈ భేదాన్ని సందర్భాన్ని బట్టే గ్రహించవలసి వస్తుంది.

‘దయ’ పరిస్థితి వేరు. ‘నీ బాంచెన్ దొరా’ అన్న నోటితోనే ‘నీ దయ’ అనిపించిన నేల తెలంగాణ. ఇక్కడ ఆ మాట గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడిన జ్ఞాపకాన్ని వెంట తెస్తుంది. కనుక తెలంగాణ క్రైస్తవుడు దయను బోధించేటప్పుడు ఆ చరిత్రతో కూడా మాట్లాడక తప్పదు.

చూసినవారు, ఆగినవాడు

మంచి సమరయుని ఉపమానంలో గాయపడినవాణ్ణి చూసినవారు ముగ్గురు. యాజకుడూ లేవీయుడూ చూసి పక్కనుంచి పోయారు. సమరయుడూ చూశాడు, కాని ఆగాడు. అలంకారశాస్త్రంలో కరుణరసానికి స్థాయి శోకం. దానిని అనుభవించే సహృదయుడు ప్రేక్షకుడు. అతడు వేదిక మీదికి వెళ్లి ఎవరినీ లేవనెత్తనక్కరలేదు. సువార్తలోని కనికరానికి ఈ సౌలభ్యం లేదు. క్రైస్తవ వస్తువుగల తెలుగు కావ్యాలను కరుణరస దృష్టితో మాత్రమే విశ్లేషించే మన విమర్శకు ఈ తేడా కొంత ఇబ్బంది కలిగించాలి.

యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి దొంగల భయం ఉన్న దారి. అక్కడ ఆగడమంటే తన ప్రాణాన్నీ పణం పెట్టడమే. గని ప్రాంతంలో దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించారు. ఇటువంటి వేళల్లో శ్వాస పరికరాలు తగిలించుకుని కిందికి దిగే రెస్క్యూ దళాల్లో శిక్షణ పొందిన గని ఉద్యోగులే ఉంటారు. ప్రమాదంలో చిక్కినవాని కులమూ మతమూ అక్కడ ప్రశ్న కావు. దీనిని క్రైస్తవ కార్యమని చెప్పుకోవడం అన్యాయం. ఉపమానం చెప్పిన పని ఆ మతపు పేరు లేకుండానే జరుగుతున్నదని గుర్తించడం ఉపమాన స్వభావానికే తగినది. అందులోని కథానాయకుడు కూడా వినేవారి మతసమాజానికి బయటివాడే.

పుచ్చుకున్నవారే ఇచ్చినవారు

బొగ్గుకూ తెలుగు క్రైస్తవానికీ మధ్య బంధం గోదావరిఖని కంటే పాతది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గును గుర్తించాడు. ఆ బొగ్గు కోసం వచ్చిన రైలు మార్గమే డోర్నకల్‌ను కూడలిగా మార్చింది. తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వి.ఎస్. అజరయ్య మిషనరీగా అక్కడికి వచ్చి, 1912 డిసెంబరు 29న డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన సంఘాల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఇతరుల జాలికి పాత్రులుగా మాత్రమే చూడబడిన ఆ ప్రజలను కానుకలిచ్చేవారిగా నిలబెట్టాలని అజరయ్య పట్టుబట్టాడు. క్రైస్తవ దాతృత్వం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. తెలుగు సంఘాల్లో వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టే అలవాటును ఈ వెలుగులో చూడాలి. ఆ పిడికెడు చిన్నదే. అయితే పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం తన వంతు కాదని తరాలుగా విన్న ఇల్లాలికి, ఇచ్చేవారి వరుసలో అది చోటు కల్పించింది.

గని కాలనీలో ఈ ఇవ్వడం మరో రూపంలో కనిపిస్తుంది. విశ్రాంతి రోజున పనిచేస్తే దొరికే రెట్టింపు కూలిని కార్మికులు ‘ప్లేడే’ అంటారు. ఆదివారం ఆరాధనకో, ఆసుపత్రిలో పడివున్నవాని పరామర్శకో వెళ్లిన కార్మికుడు వదులుకునేది ఆ కూలినే. మత్తయి ఇరవై ఐదో అధ్యాయంలో రోగిని చూడబోవడం అన్నం పెట్టడంతో సమానంగా లెక్కకు రావడానికి కారణం బహుశా ఇదే: రెండింటికీ ఖర్చుంది.

బాకీగా మారిన జాలి

కనికరాన్ని న్యాయానికి బదులుగా చూపే ధోరణి ఒకటుంది. జీతం తక్కువైనచోట దుప్పట్ల పంపిణీ, భద్రత కొరవడినచోట సంతాపసభ దీనికి ఉదాహరణలు. మత్తయి ఇరవై మూడో అధ్యాయం న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ ఒకే వరుసలో నిలిపి, ఒకటి చేసి మరొకటి మానే వీలు లేకుండా చేసింది. సమరయుని కథలోనూ విశేషం చివర్లోనే ఉంది. అతడు పూటకూళ్లవానికి రెండు దేనారాలిచ్చి, పైన ఖర్చయితే తిరిగివచ్చి చెల్లిస్తానన్నాడు. అప్పటి నుంచి గాయపడినవాడు పూటకూళ్లవాని జాలి మీద ఆధారపడనవసరం లేదు. అతని వైద్యం ఒకరు పూచీపడిన బాకీ. అక్కడ కనికరం తన పని ముగిసేసరికి ఎదుటివానికి ఒక హక్కును మిగిల్చింది.

సింగరేణిలో 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న శాశ్వత కార్మికుల సంఖ్య తరువాతి మూడు దశాబ్దాల్లో సగానికి మించి తగ్గింది. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పనిలో ఎక్కువ భాగం కాంట్రాక్టు కార్మికులది. వారికి కారుణ్య నియామకం వర్తించదు. క్వార్టర్ల వరుసలో కాక ఊరి అంచున అద్దె గదుల్లో ఉండే ఈ కార్మికుడు, ‘పొరుగువాడు’ అన్న మాట ఆదివారం చదివినప్పుడు కాలనీ విశ్వాసి తలపుల్లోకి వస్తున్నాడా లేదా అన్నది క్షేత్రస్థాయిలో అడగవలసిన ప్రశ్న.