పాఠం 7 : తెర మీది రంగు, బట్ట మీది రంగు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
• తెరపై రంగుకు, అచ్చయిన రంగుకు తేడా ఎందుకు వస్తుందో వివరించగలుగుతారు;
• డిజైను సాఫ్ట్‌వేరులో రంగుల సెట్టింగులను సరిచేయగలుగుతారు.

7.1 పరిచయం

తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని కోసం సూరత్ చేరిన పద్మశాలి కుటుంబాలు అక్కడి లింబాయత్ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంటి అమ్మాయి ఒకరు కంప్యూటరుపై చీరల డిజైన్లు వేస్తున్నారనుకోండి. తెరపై చిలకపచ్చ అంచు గీశారు. అచ్చయ్యాక అది పాచి రంగులో వచ్చింది. చీరకు 5.5 మీటర్ల చొప్పున 20 చీరలు, అంటే 110 మీటర్ల బట్ట వృథా. వ్యాపారి ఆ నష్టాన్ని ఆమె కూలిలో కోస్తానన్నాడు. తప్పు ఆమె చేతిలో లేదు, సెట్టింగులో ఉంది.

7.2 రంగు ఎందుకు మారుతుంది?

తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కలిపి రంగును చూపుతుంది. ఒక్కొక్క కాంతికి సాధారణంగా 0 నుంచి 255 వరకు ఒక సంఖ్య ఉంటుంది. ముద్రణ యంత్రం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలను వాడుతుంది. కాంతితో చూపగలిగిన ప్రతి రంగునూ సిరాతో తేలేము.

ఇంకొక చిక్కు కూడా ఉంది. “నాలుగు గ్లాసుల బియ్యం” అని ఎవరైనా చెబితే, ఏ గ్లాసో తెలియనిదే ఎంత బియ్యమో చెప్పలేము. రంగు సంఖ్యలూ అంతే. ఏ గ్లాసో చెప్పే చీటీ వంటిదే ‘ప్రొఫైల్’. ఇందుకు ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించడానికి 1993లో ఐ.సి.సి. అనే అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది.

7.3 సరిచేసే విధానం

1. తెరను అరగంట ముందే వెలిగించండి. తెరను పసుపుగా మార్చే రాత్రి వెలుగు సౌకర్యాన్ని ఆపండి.
2. ఫోటోషాప్‌లో ఎడిట్ మెనూలోని ‘కలర్ సెట్టింగ్స్’ తెరవండి. ముద్రణశాల వారు కోరిన ఆర్.జి.బి. ప్రొఫైల్‌ను ఎంచుకోండి. ఫైలులో ఉన్న ప్రొఫైల్‌ను కాపాడమని, తేడా ఉంటే అడగమని గుర్తు పెట్టండి. కోరల్‌డ్రాలోనూ ఇటువంటి రంగుల సెట్టింగులు ఉంటాయి.
3. ‘అసైన్’, ‘కన్వర్ట్’ ఒకటి కావు. అసైన్ అంటే గ్లాసుల లెక్క మార్చకుండా గ్లాసు పేరు మార్చడం. కనబడే రంగు మారుతుంది. కన్వర్ట్ అంటే అవే బియ్యాన్ని వేరే గ్లాసుతో తిరిగి కొలవడం. సంఖ్యలు మారతాయి, రంగు వీలైనంతవరకు నిలుస్తుంది.
4. వ్యూ మెనూలోని ‘ప్రూఫ్ సెటప్’లో ముద్రణశాల ఇచ్చిన ప్రొఫైల్‌ను పెట్టి చూడండి. ‘గామట్ వార్నింగ్’ నొక్కితే సిరాకు అందని రంగులు బూడిద రంగులో కనబడతాయి.
5. ఫైలును ప్రొఫైల్‌తో సహా భద్రపరచండి. యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేరు రంగులను మార్చుతుంటే, మీరు ముందే మార్చి పంపకండి. రెండుసార్లు మారితే రంగు చెడుతుంది.

గమనిక : పాలిస్టరు బట్టకు డిజైనును ముందు కాగితంపై అచ్చువేసి, వేడితో బట్టకు ఎక్కించే పద్ధతి ఉంది. ఇందులో కాగితంపై రంగు మందంగా కనబడి, బట్టపై తేటపడుతుంది. కనుక కాగితాన్ని చూసి తీర్పు చెప్పకండి. అర మీటరు బట్టపై నమూనా తీయించి, పగటి వెలుగులో చూసి, వ్యాపారి చేత దానిపై సంతకం చేయించుకోండి. రేపు వివాదం వస్తే మీ కూలికి ఆ ముక్కే సాక్ష్యం.

పాఠ్యాంతర ప్రశ్నలు 7.1

ఖాళీలను పూరించండి.
1. సంఖ్యలు మారకుండా ప్రొఫైల్ పేరు మార్చడాన్ని ______ అంటారు.
2. ఐ.సి.సి. ______ లో ఏర్పడింది.

జవాబులు : 1. అసైన్ 2. 1993