పశువుల సంఘజీవనము

గోధూళివేళ పల్లె పొలిమేరలో నిలిచి చూడుడు. మేతనుండి మంద యిల్లు చేరుచుండును. ఏ ఆవు ముందు నడువవలెనో, ఏది ప్రక్కకు తొలగవలెనో ఒకరు చెప్పకయే వానికి తెలియును. దొడ్డిలోని దూడ తల్లి అరపు విని చెవులు రిక్కించును. ఈ తెలివి వానికెట్లు వచ్చినది? కొంత పుట్టుకతోడిదే, కాని కొంత అవి తమ జీవితములో క్రమక్రమముగా నేర్చుకొన్నది.

మొదటి పాఠము తల్లియొద్ద. ఈనిన గొఱ్ఱె తన పిల్లను నాకుచు, కొలది గంటలలోనే దాని వాసనను గుర్తుపట్ట నేర్చును. అటుపై పరాయిపిల్ల పాలకు వచ్చినచో తలతో కుమ్మి తరుమును. అందుచేతనే కొన్ని దేశముల కాపరులు, తల్లిలేని పిల్లకు చనిపోయిన పిల్ల చర్మమును కప్పి, బిడ్డను కోల్పోయిన గొఱ్ఱెయొద్ద విడుతురు. ఆ వాసన తన పిల్లదే అనుకొని గొఱ్ఱె పాలిచ్చును.

రెండవ పాఠము తోడివారియొద్ద. పందిపిల్లలు పుట్టిన కొలది దినములలోనే పెనుగులాడి, ఏ చన్ను ఎవరిదో నిర్ణయించుకొనును. పిమ్మట ప్రతి పిల్లయు సాధారణముగా తన చోటికే పోవును. దూడలు తలలు తాకించుకొని ఆడుకొనును. ఈ ఆట వ్యర్థము కాదు. కెనడా దేశమున పరిశోధకులు కొన్ని దూడలను ఒంటరిగను, కొన్నిటిని జతలుగను పెంచి పరీక్షించి, ఫలితములను 2014లో ప్రకటించిరి. ఒక రంగు కనబడిన చోట పాలు దొరకునని రెండు తెగల దూడలును నేర్చినవి. కాని ఆ నియమమును తారుమారు చేయగా, ఒంటరి దూడలు వెనుకబడెను. క్రొత్త వస్తువును పలుమార్లు చూపినను అవి దానికి అలవాటుపడలేదు.

మూడవ పాఠము వరుస. నార్వే దేశస్థుడగు షెల్డరుప్ ఎబ్బె కోళ్ళను శ్రద్ధతో గమనించి, వానిలో ఏది దేనిని పొడువవచ్చునో తెలుపు వరుస కలదని 1921లో వివరించెను. పిల్లలు కొన్ని వారముల వయస్సు వచ్చునప్పటికి ఈ వరుస ఏర్పడును. ఏర్పడిన పిదప పోరాటములు తగ్గును. క్రొత్త కోడిని మందలో విడిచినచో మరల కలహము పుట్టును.

నేర్చిన దానిని నిలుపుకొనుటకు జ్ఞాపకశక్తి కావలెను. ఆలోచింపక ఒకరి వెంట ఒకరు పోవుటను మనము గొఱ్ఱెదాటు అందుము. కాని ఇంగ్లండులో కీత్ కెండ్రిక్ మొదలగువారు జరిపిన పరీక్షలలో, గొఱ్ఱె తన తోటి గొఱ్ఱెల ముఖములను 50 వరకు, రెండేండ్లకు పైగా గుర్తుంచుకొనగలదని 2001లో వెల్లడియైనది.

బాలబాలికలారా! పశువునకు గడ్డి, నీరు, నీడ ఇచ్చినంతమాత్రమున మన ధర్మము తీరదు. పసిదూడను మూల నొంటరిగ కట్టివేసినచో, దాని కడుపు నిండవచ్చును గాని, అది తోడివారియొద్ద నేర్వవలసిన విద్య నేర్వకయే పెరుగును. మీ యింట దూడ యున్నచో, దానికొక తోడు దూడను చూపుడు. క్రొత్త పశువును మందలో చేర్చునపుడు, అవి ఒకదానినొకటి ఎఱుగువరకు ఓపికతో కనిపెట్టి యుండుడు. మనకు బడి యెట్లో వానికి మంద అట్టిది.