ముందు కొలత, తర్వాతే వేట

పాత కారు పెట్టుకున్నవాళ్ల నోట తరచూ వినిపించే మాట ‘సామాన్లు దొరకట్లేదు’ అని. 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ విషయంలో ఈ మాట మరీ ఎక్కువ. వినడానికి సబబుగానే ఉంటుంది. ఫ్యాక్టరీయే మూతపడ్డాక సామాను ఎక్కణ్నుంచి వస్తుంది? కానీ ఆ ఇంజన్ పుట్టుపూర్వోత్తరాలు చూస్తే కొరత సామానుకు కాదని తేలుతుంది. ఏ ముక్క, ఏ కొలతలో కావాలో తేల్చుకోకుండా బజారు మీద పడడంతోనే చిక్కంతా.

అంబాసిడర్ అంటే బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు మన దేశపు రూపం. దశాబ్దాల పాటు దాన్ని లాగిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి ‘బి సిరీస్’ కుటుంబానిది. ఎంజీఏ స్పోర్ట్స్ కారు తొలి మోడళ్లదీ ఇదే పరిమాణం. తర్వాత వచ్చిన ఎంజీబీలో బోరు 73 మి.మీ. నుంచి 80 మి.మీ. దాకా పెరిగి 1798 సీసీ అయింది గానీ, స్ట్రోక్ మాత్రం అదే 88.9 మి.మీ. ఎంజీబీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిని ప్రాణంగా చూసుకునేవాళ్ల కోసం బ్రిటన్‌లో ఇప్పటికీ కొత్త సామాన్లు తయారవుతున్నాయి. అంటే మన బండి దిక్కులేనిదేమీ కాదు. అలాగని చుట్టరికం ఉంది కదా అని అన్నీ సరిపోవు. మన ఇంజన్ క్రాంక్‌కు మెయిన్ బేరింగులు 3. ఎంజీబీకి 1964 చివర్నుంచి 5. ఇక 1990లలో వచ్చిన ఇసుజు ఇంజన్ బండ్లది వేరే వంశమే. కాబట్టి సికింద్రాబాద్ రాణీగంజ్‌కో విజయవాడ ఆటోనగర్‌కో వెళ్లి ‘అంబాసిడర్ సామాను’ అంటే చాలదు. ఇంజన్ నంబరు, విప్పిన పాత ముక్క, వెర్నియర్‌తో తీసిన కొలత చేతిలో ఉండాలి. నట్లూ బోల్టులూ కూడా అంగుళాల లెక్కవే. మిల్లీమీటర్ పానా పెట్టి తిప్పితే మూలలు అరిగి, ఆనక ఉలీ సుత్తీ పట్టాల్సి వస్తుంది.

కొలత తీయాలంటే ముందు జబ్బు తెలియాలి. ట్యూనింగ్ చేసేది ఆ పనే. పికప్ తగ్గి ఇంజన్ వేడెక్కితే చాలామంది చెయ్యి నేరుగా కార్బ్యురేటర్ మీదికి పోతుంది. నిజానికి అది ఆఖర్న ముట్టుకోవాల్సింది. మొదట నాలుగు సిలిండర్ల కంప్రెషన్, తర్వాత టాపెట్లు, ఆపైన డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు, టైమింగ్. టాపెట్లకు తేలికైన తొమ్మిది లెక్క ఒకటుంది: 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వ దాని సందు చూడాలి, 7వది తెరుచుకుంటే 2వది, అంటే రెండు అంకెలూ కలిపితే తొమ్మిది రావాలి. పాయింట్ల దగ్గర కాస్త ఆగాలి. అవి తెరుచుకునే సందు 0.015 అంగుళం చుట్టూ ఉండాలి. క్యామ్‌కు రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ ఆ సందు తగ్గుతుంది. పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుని స్పార్క్ వెనకబడుతుంది. బండి మందగించి వేడెక్కుతుంది. అంతా కార్బ్యురేటర్ దోషంలాగే కనిపిస్తుంది. కొన్ని బండ్లలో డిస్ట్రిబ్యూటర్ బుష్ అరిగి షాఫ్టు ఊగుతుంది, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో సందు వస్తుంది. ‘కొత్త కార్బ్యురేటర్ దొరకట్లేదు’ అని ఊళ్లు తిరిగే యజమానికి అక్కడ కావలసింది లేత్ మీద తీయించుకోగల చిన్న కంచు బుష్.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేస్తే పాయింట్ల గొడవే ఉండదు కదా అనేవాళ్లున్నారు. పాయింట్ల అరుగుదల పోతుంది, నిజమే. షాఫ్టు ఊగుడూ, అడ్వాన్స్ స్ప్రింగుల సడలింపూ ఎక్కడికీ పోవు. కొలవకుండా పెట్టిన కొత్త కిట్టు పాత జబ్బునే మోస్తుంది. దీనికి ఎదురుగా, కంపెనీ పెట్టింది పెట్టినట్టే ఉండాలనే పట్టుదల మరొకటి. దానికి చట్టం అండ కూడా ఉంది. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారు వింటేజ్‌గా నమోదు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపు మారిపోకూడదు. బుష్ తీయించినంత మాత్రాన రూపు మారదు గనక ఈ అభ్యంతరం నా వాదనకు అడ్డు కాదు. పైగా కంపెనీ పుస్తకంలోని అంకెలు ఆనాటి పెట్రోలుకు రాసినవి. వాల్వు సీట్లను కాపాడిన సీసం 2000లోనే పెట్రోలులోంచి పోయింది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ వచ్చి చేరింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది గనక పాత సెట్టింగు మీద మిక్చర్ పలచబడుతుంది. ఎస్‌యూ కార్బ్యురేటర్ అయితే జెట్‌ను కాస్త కిందికి దించాలి, సోలెక్స్ అయితే ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ వేసి చూడాలి. కొంతదూరం నడిపాక ప్లగ్గు మొన తెల్లబడితే పెట్రోలు చాల్లేదని, మసిబారితే ఎక్కువైందని అర్థం. రబ్బరు పైపులూ పెట్రోల్ పంపు డయాఫ్రమ్ మాత్రం ఇథనాల్‌కు తట్టుకునే కొత్తవే కొనాలి. అట్టపెట్టె విప్పని పాత కంపెనీ సరుకు దొరికినా సరే, వాటి జోలికి పోకూడదు.