బుట్టచేతుల టాపు నమూనా

'బుట్టచేయి' అనగా భుజం వద్ద కుచ్చులు పోసి, బుట్టవలె ఉబ్బి నిలిచేటట్లు కుట్టిన చేయి. తెలుగునాట పరికిణీపై ధరించే బుట్టచేతుల జాకెట్టు ద్వారా ఇది సుపరిచితం. బనీను గుడ్డ వంటి సాగే అల్లిక వస్త్రంతో బిగుతు టాపు కుట్టేటప్పుడు నమూనాలో రెండు విరుద్ధ నియమాలు కలుస్తాయి. మొండెపు భాగం శరీరపు కొలత కన్నా తక్కువగాను, చేతి భాగం ఎక్కువగాను ఉండాలి.

సాగుదల

ముందుగా గుడ్డ సాగుదలను కొలవాలి. 10 సెం.మీ. గుడ్డ సులభంగా 12.5 సెం.మీ. వరకు సాగితే సాగుదల 25 శాతం.

మొండెం

ఇటువంటి గుడ్డకు ఛాతీ కొలతలో సుమారు 5 శాతం తగ్గించవచ్చు. అనగా 90 సెం.మీ. ఛాతీకి నమూనా చుట్టుకొలత 85.5 సెం.మీ. అవుతుంది. కుట్టుకు వదిలే గుడ్డ దీనికి అదనం. ఎక్కువగా సాగే దిశ శరీరం చుట్టూ రావాలి. గుడ్డ సాగి అమరుతుంది కనుక సాధారణంగా డాట్లు అవసరం ఉండవు.

చేయి

మామూలు చేతి నమూనాను మధ్యలో నిలువుగా కత్తిరించి, రెండు ముక్కలను 6 సెం.మీ. ఎడంగా ఉంచాలి. భుజం వైపు వంపును నడుమ 2 సెం.మీ. ఎత్తు పెంచి తిరిగి గీయాలి. పెరిగిన పొడవును కుచ్చులుగా కుదించి చంక వంపు కొలతకు సరిచేస్తారు. అడుగు కుచ్చులను పట్టీలో బిగిస్తారు. మొండెపు నమూనాలో భుజం కొనను 1 సెం.మీ. లోపలికి జరిపితే బుట్ట జారిపోక భుజంపై నిలుస్తుంది. కుచ్చుల బరువుకు భుజపు కుట్టు సాగకుండా అక్కడ సాగని నాడా చేర్చి కుడతారు.

ఒకే నమూనా అన్ని అల్లిక గుడ్డలకూ పనికిరాదు. గుడ్డ మారినప్పుడు, కత్తెర పెట్టక ముందే సాగుదలను మళ్లీ కొలవాలి.