చర్మమును కాపాడు వాయువు



ఆకాశమున మెఱుపు మెఱసినపుడు ఆ వేడిమికి గాలిలోని నత్రజనియు, ఆమ్లజనియు కలిసి నైట్రిక్ ఆక్సైడు అను వాయువు పుట్టును. మోటారు బండ్ల పొగలోను ఇది కలదు. చిరకాలము దీనిని హానికరమైన వాయువుగానే యెంచిరి. అట్టిదానిని మన శరీరమే తన యవసరమునకై తయారు చేసికొనుచున్నదని 1980 తరువాతి సంవత్సరములలో తేలినపుడు శాస్త్రజ్ఞులకే యాశ్చర్యము కలిగెను. రక్తనాళములను సడలించుటలో దీని పనిని వెల్లడించిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమానము లభించినది. చర్మమును రోగక్రిములనుండి కాపాడుటలో దీని పని యెట్టిదో నేడు మనవి చేసెదను.

మన చెమటలో నైట్రేటు అను లవణము స్వల్పముగా నుండును. చర్మముపై కాపురముండు నిరపాయములైన సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. చర్మమునకు సహజముగా కొంచెము ఆమ్లగుణము, అనగా పులుపు, కలదు గదా. ఆ పులుపు తగిలి నైట్రైటునుండి ఈ వాయువు వెలువడును. స్కాట్లండు వైద్యులు 1996లో దీనిని ప్రకటించిరి. చెమటను మురికియని యీసడించువారు ఈ సంగతి గమనింతురు గాక.

ఇది పైకాపు. చర్మములోపల భక్షకకణములను కావలివారు కలరు. క్రిములు ప్రవేశించినపుడు ఈ కణములు వానిని మ్రింగి, ఆర్జినైను అను పదార్థమునుండి నైట్రిక్ ఆక్సైడును పుట్టించును. పప్పుదినుసులలోను, వేరుశనగలలోను ఆర్జినైను కలదు. అట్లని వేరుశనగలు మెండుగా తినినంతనే రోగములు రావని తలపరాదు. ఈ వాయువు కొన్ని క్షణములు మాత్రమే నిలుచును. ఆ స్వల్పకాలములోనే క్రిమి బ్రతుకునకు ఆధారమైన క్రియలను స్తంభింపజేయును. ఎలుకలలో ఇది సమృద్ధిగా పుట్టును. మనుష్యుల భక్షకకణములలో అంత విరివిగా కానరాదు. కావున ఎలుకలయందు చూచిన దెల్ల మనకు వర్తించునని చెప్పుట సాహసము.

మనుష్యుల చర్మమున దీని మంచిచెడ్డలు రెండును తెలియవలెనన్న కుష్ఠువ్యాధిని చూడవలెను. ఈ వ్యాధికి కారణమైన క్రిమిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. ఇది చర్మమునందును, నరములయందును నివసించును. రోగనిరోధకశక్తి బలముగా నున్నవారిలో స్పర్శ లేని మచ్చలు కొలదిగా మాత్రమే యేర్పడును. ఆ శక్తి లోపించినవారిలో భక్షకకణములే క్రిములకు ఇండ్లగును. చర్మమంతట అవి వ్యాపించును.

ఇక చెడ్డ సంగతి. కొందఱు రోగులలో ఆ నిరోధకశక్తి అకస్మాత్తుగా విజృంభించును. చికిత్సకు ముందుగాని, చికిత్స జరుగుచుండగాగాని, ముగిసిన తరువాతగాని ఇట్లు జరుగవచ్చును. మచ్చలు ఎఱ్ఱనై వాచును; మోచేతి వెనుక నరము ముట్టిన నొప్పి పుట్టును; వ్రేళ్లు పట్టు తప్పును. ఇట్టి రోగుల చర్మమును పరీక్షించిన వైద్యులకు నైట్రిక్ ఆక్సైడును పుట్టించు ఎంజైము అచ్చట కనబడినది. క్రిమిపై ప్రయోగింపబడిన యస్త్రము ప్రక్కనున్న నరమునకును తగులుచున్నదని వారి యభిప్రాయము. అస్త్రము ఇది యొక్కటియే కాదు, మఱికొన్నియు కలవు. కాని ఫలము నరమునకు చేటు.

ఈ స్థితిలో "మందు వికటించినది" యని రోగియు, బంధువులును చికిత్స మానిపించుట కలదు. అది పెద్ద ప్రమాదము. వాపు మందువలని విషము కాదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళౌషధ చికిత్స మన దేశమున ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా దొరకును. దానిని నిలుపక, రోగిని జాగుసేయక వైద్యునికి చూపవలెను. ఆయన ప్రెడ్నిసొలోన్ అను మందుతో ఆ విజృంభణమును అణచును. ఆ మందును కొన్ని నెలలు, మోతాదు క్రమముగా తగ్గించుచు, వైద్యుడు చెప్పినట్లే వాడవలెను. తొలిదినములలో చికిత్స మొదలైనచో చచ్చుబడిన చేయి మరల పట్టు చిక్కించుకొనుట పెక్కుమారులు జరుగును. నెలలు గడచిన పిమ్మట ఆ యాశ తగ్గిపోవును.